చూపు తగ్గిన అమ్మకు బ్యాటరీ కుర్చీ



కాళ్లు సహకరించని వాళ్లకు చక్రాల కుర్చీ ఉంది. చూపు పోయిన వాళ్లకు చేతికర్ర ఉంది. ఈ రెండు కష్టాలూ ముసలితనంలో ఒక్క మనిషికే వస్తే ఏం చేస్తాం? మా నర్సింహులపేట చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా దీనికి కనిపించే జవాబు ఒకటే, మంచం. గాలి తగిలే చోట మంచం వేస్తారు. వేళకు కంచం అందిస్తారు. ప్రేమగానే చూసుకుంటారు. కానీ ఆ మనిషి ఇక తన ఇష్టంతో ఒక్క జానెడు కూడా కదలలేదు. దాహమైతే పిలవాలి, ఎండ మీద పడితే పిలవాలి, పక్కింటోళ్ల ముచ్చట వినాలన్నా పిలవాలి. పిలిచీ పిలిచీ కొన్నాళ్లకు పిలవడమే మానేస్తారు.

మా అమ్మను ఆ మంచం మీద నుంచి లేపి బ్యాటరీ కుర్చీలో కూర్చోబెట్టినం. ఆ కుర్చీని, మా ఇంటిని ఆమె చూపుకు తగ్గట్టు మార్చుకుంటూ పోయినం. ఆ క్రమంలో తెలుసుకున్న సంగతులు ఈ రోజు మీతో పంచుకుంటాను. మీ ఇంట్లోనూ ఇటువంటి పెద్దమనిషి ఉంటే పనికొస్తాయి.

అమ్మకు ముందు షుగర్ వల్ల రెటీనా దెబ్బతిన్నది. చూపు నడుమ మచ్చలు మచ్చలుగా పోయింది. ఆ తర్వాత పక్షవాతం వచ్చి ఎడమ చేయి, ఎడమ కాలు బలం తగ్గినయి. దానితోపాటు ఎడమ పక్క చూపు కూడా పోయింది. ఇది చాలామందికి తెలియని విషయం. మెదడులో కుడి సగం దెబ్బతింటే రెండు కళ్లకూ ఎడమ పక్క దృశ్యం కనిపించకుండా పోవచ్చు. కంట్లో లోపం వెతికితే దొరకదు. కంచంలో ఎడమ పక్కనున్న కూర అట్లాగే మిగిలిపోతుంటే, ఎడమ పక్క కూర్చున్న మనిషిని పలకరించకపోతే, అప్పుడు అనుమానించాలి.

బ్యాటరీ కుర్చీ మాట ఎత్తగానే చుట్టాలంతా వద్దన్నారు. కండ్లు కానరాని మనిషి చేతికి మోటారిస్తరా అని కోప్పడ్డారు. వాళ్ల భయం న్యాయమైనదే. మామూలు చక్రాల కుర్చీ తెస్తాం, మేమే నెడతాం అని నేను కూడా అన్నాను. అప్పుడు అమ్మ ఒక్కటే మాట అన్నది. "ఒకలు నూకితే పోవుడు నాకొద్దు బిడ్డా. నేనే పోవాలె."

ఆ మాట దగ్గర్నుంచే పని మొదలైంది.

ముందు ఈ కుర్చీ ఎక్కడి నుంచి వచ్చిందో కొద్దిగా చెప్పుకుందాం. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నెముకకు దెబ్బలు తగిలి కాళ్లూ చేతులూ పడిపోయిన సైనికుల కోసం, కెనడా జాతీయ పరిశోధన మండలిలో పనిచేసిన జార్జ్ క్లైన్ అనే ఇంజినీరు 1950ల మొదట్లో కరెంటు మోటార్ల కుర్చీ తయారు చేశాడు. వేళ్లతో కొద్దిగా వంచితే చాలు, కుర్చీ ఆ దిక్కుకు పోయే కర్ర, అదే జాయ్‌స్టిక్, దానికి పెట్టాడు. ఆ సైనికుల చేతులు బలహీనం, కళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. అందుకే ఆ కుర్చీ ఎదర ఏముందో చూసుకునే పనంతా నడిపేవాళ్ల కంటికే వదిలేసింది. ఈ రోజు మన బజార్లో దొరికే కుర్చీలు చాలావరకు ఇప్పటికీ అంతే. బ్యాటరీ ఎంత ఉందో లైట్లతో చెప్తాయి, వేగం ఎంత పెట్టామో లైట్లతో చెప్తాయి. కంటికి చెప్పే ఆ మాటలన్నిటినీ చేతికీ చెవికీ మార్చి ఇవ్వడమే మనం చేయాల్సిన పని.

కుర్చీ కొనడానికి ముందే చూపు సంగతి తేల్చుకోవాలి. చూపు తగ్గింది అంటే సరిపోదు, ఏది తగ్గింది, ఏది మిగిలింది అని తెలియాలి. రెటీనా నడిమి భాగం పాడైతే మనుషుల మొహాలు ఆనవు, కానీ పక్కల నుంచి గోడ, దర్వాజ కొంత తెలుస్తాయి. నీటికాసుల జబ్బయితే దీనికి తలకిందులు. ఎదురుగా ఉన్న గడియారంలో టైము చూసి చెప్తారు, పక్కనున్న స్తంభానికి మాత్రం గుద్దుకుంటారు. పొర వచ్చినవాళ్లకు ఎండలోకి రాగానే అంతా తెల్లగా మసకేస్తుంది. పొర అయితే ఆపరేషన్‌తో పోయేది, దాన్ని అట్లాగే ఉంచి కుర్చీకి ఎన్ని హంగులు పెట్టినా వృథా. మన రాష్ట్రంలో 2018 ఆగస్టు 15న కంటివెలుగు కంటి పరీక్షల శిబిరాలు మొదలయ్యాయి, రెండో విడత 2023 జనవరిలో మన పక్కనున్న ఖమ్మంలోనే మొదలుపెట్టారు. ఆ శిబిరాల్లో చూపించుకొని అద్దాలు తెచ్చుకున్న పెద్దవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. అద్దాలతో తీరని చూపయితే వరంగల్‌లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య విజ్ఞాన సంస్థలో మిగిలిన కొద్ది చూపును ఎట్లా వాడుకోవాలో నేర్పే విభాగమే వేరుగా ఉంది. చెవులు కూడా చూపించండి. చూపు లేని మనిషికి చెవే దిక్కు చెప్పాలి కదా. మతిమరుపు జబ్బు ముదిరి, చెప్పింది గుర్తుండని స్థితిలో ఉన్నవాళ్ల చేతికి మాత్రం మోటారు ఇవ్వకూడదు, అందులో సందేహం లేదు.

ఇక కుర్చీ దగ్గరికి వద్దాం. వెనక చక్రాలకు చెరో మోటారు ఉంటుంది. రెండూ ఒకే వేగంతో తిరిగితే కుర్చీ సూటిగా పోతుంది. ఒకటి నెమ్మదిస్తే ఆ పక్కకు మళ్లుతుంది. అందుకే జాయ్‌స్టిక్ వెంట్రుక వాసి పక్కకు ఒరిగినా కుర్చీ వంకర పోతుంది. చూపున్నవాళ్లు తెలియకుండానే క్షణక్షణం సర్దుకుంటారు. చూపు లేనివాళ్లకు తాము ఒరిగిపోతున్న సంగతి గోడ తగిలిన తర్వాతే తెలుస్తుంది.

దీనికి ఒక మంచి ఉపాయం ఉంది. జాయ్‌స్టిక్ చుట్టూ కూడిక గుర్తు ఆకారంలో చీలిక ఉన్న పలక బిగిస్తారు. అప్పుడు కర్ర ముందుకు, వెనకకు, కుడికి, ఎడమకు మాత్రమే కదులుతుంది, మూలలకు ఒరగదు. సూటిగా పోవాలంటే సూటిగానే పోతుంది. మేము దళసరి ప్లాస్టిక్ పలక తీసుకొని తొర్రూరులో కోయించినం. చీలిక అంచులు నున్నగా అరగదీయించడం ముఖ్యం, లేకపోతే కర్ర అక్కడ పట్టుకొని మధ్యకు తిరిగి రాదు. కర్ర మధ్యకు రాకపోతే కుర్చీ ఆగదు. బిగించిన తర్వాత చక్రాలు నేలకు ఆనకుండా కుర్చీని ఎత్తి పెట్టి, నాలుగు దిక్కులకూ వంచి వదిలి, ప్రతిసారీ దానంతట అదే మధ్యకు వస్తుందో లేదో చూసుకున్నాకే మనిషిని కూర్చోబెట్టాలి. ఈ పరీక్షలో బద్ధకం వద్దు.

ఆ కర్ర పిడి కూడా మార్చినం. సన్నటి పిడి ఉంటే భయమేసినప్పుడు చేయి దాన్ని గట్టిగా బిగించి పట్టుకుంటుంది. పట్టు బిగిసిన కొద్దీ కర్ర ముందుకు వంగుతుంది, కుర్చీ ఇంకా ముందుకు ఉరుకుతుంది. ముసలివాళ్ల విషయంలో ఇది ప్రమాదానికి దారి తీయవచ్చు. పుట్టగొడుగులాంటి వెడల్పాటి పిడి పెడితే అరచేయి దాని మీద ఆనుతుంది, వేళ్లు బిగుసుకోవు. చేయి ఎత్తితే చాలు, కర్ర మధ్యకు వస్తుంది, కుర్చీ ఆగుతుంది, బ్రేకు దానంతట అదే పడుతుంది. అమ్మకు మొదట నేర్పింది నడపడం కాదు, చేయి ఎత్తడం. వేగం తక్కువలో పెట్టి, రెండు మూరలు పోనిచ్చి, చేయి ఎత్తు. మళ్లీ పోనిచ్చి, మళ్లీ ఎత్తు. ఏ చప్పుడు విన్నా, ఏది తగిలినా, ఏమీ అర్థం కాకపోయినా చేయి పైకి లేవాలి. అది ఆలోచించకుండా జరిగేదాకా మిగతావేవీ మొదలుపెట్టలేదు.

ఇంట్లోవాళ్లకు కూడా ఒక శిక్షణ కావాలి. మనిషి గోడ వైపు పోతుంటే మనమంతా ఒక్కసారే అరుస్తాం. ఒకరు కుడికంటారు, ఒకరు ఎడమకంటారు, ఒకరు అయ్యో అంటారు. ఆ గందరగోళంలో పాపం ఏం చేయాలో తెలియక చేయి బిగుసుకుపోతుంది. మా ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరు చూసినా, ఏది చూసినా, చెప్పేది ఒకటే మాట: "చెయ్యి తియ్యమ్మా." కుడి ఎడమల మాట కుర్చీ ఆగిన తర్వాతే, అదీ ఒక్కరే చెప్పాలి. చిన్న మనవడికి కూడా ఇదే నేర్పినం.

వేగం లెక్క ఒకటి చూడండి. ఈ కుర్చీలు చాలావరకు గంటకు 6 కిలోమీటర్ల దాకా పోతాయి. వినడానికి తక్కువే. కానీ అది సెకనుకు అయిదడుగుల పైన. పెద్దమనిషికి ఏదో తగిలిందని తెలిసి, చేయి లేపేసరికి ఒక సెకను పడుతుంది. ఆ లోపల అయిదడుగులు పోతే దర్వాజే దాటిపోతుంది. గంటకు ఒక కిలోమీటరుకు తగ్గిస్తే ఆ సెకనులో పోయేది అడుగు లోపే. వేగం తగ్గించే బటన్ కుర్చీ మీద ఉంటుంది, కానీ దాని మీద ఆధారపడకూడదు, ఎవరి చేయైనా తగిలి పెరగవచ్చు. చాలా కంట్రోలర్లలో గరిష్ట వేగాన్ని లోపలే కట్టేసే సౌకర్యం ఉంది, మలుపు తిరిగే వేగాన్నీ, మొదలయ్యేటప్పటి కుదుపునూ కూడా తగ్గించవచ్చు. అమ్మినవాళ్లతోనే ఆ పని చేయించుకోవాలి. కొనేటప్పుడే ఈ సంగతి అడగండి. చేయడం కుదరదంటే ఆ కుర్చీ మనకు పనికిరాదు.

బటన్ల సంగతి తేలిక. ఆన్ బటన్ మీద ఎంసీల్ ముద్ద కందిగింజంత అంటించినం. హారన్ మీద గరుకు గుడ్డ ముక్క. వేగం బటన్ల మీద ఏమీ పెట్టలేదు, చేతికి తగలకుండా ఒక మూత బిగించినం. బ్యాటరీ లైట్లు అమ్మకు కనిపించవు కాబట్టి ఎంత మిగిలిందో చూసుకునే బాధ్యత ఆమెది కాకుండా చేసి, రోజూ రాత్రి పడుకునే ముందు ఛార్జింగ్ పెడతాం. ఛార్జర్ తగిలించి ఉన్నంతసేపు చాలా కుర్చీలు కదలవు. రాత్రిపూట పొరపాటున చేయి పడినా భయం లేదు.

ఇప్పుడు పాదాల గురించి చెప్పాలి. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించే విషయం. చక్రాల కుర్చీలో అందరికన్నా ముందు పోయేవి పాదాలు. గోడకైనా, దర్వాజకైనా, మంచం కోడుకైనా ముందు తగిలేది బొటనవేలే. షుగర్ ఎన్నో ఏళ్లుగా ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గిపోతుంది. దెబ్బ తగిలితే తెలియదు. చూపు లేదు కాబట్టి రక్తం కనిపించదు. పైగా పక్షవాతం వచ్చిన కాలు పాదాల పలక మీద నుంచి జారి కిందికి వేలాడుతుంది, ముందు చక్రం దగ్గర ఇరుక్కుంటుంది. షుగర్ పుండు ఎంత దూరం పోతుందో మన ఊళ్లలో తెలియని ఇల్లు లేదు. కాలి వేలు, ఆ తర్వాత పాదం, ఆ తర్వాత మోకాలి దాకా.

అందుకే కుర్చీకి చేసిన మొదటి వెల్డింగ్ పని అదే. పాదాల పలక ముందు, పాదాల కన్నా నాలుగు అంగుళాలు ముందుకు వచ్చేటట్టు సన్నటి పైపు వంచి బిగించినం. దాని చుట్టూ పాత స్కూటర్ ట్యూబు చుట్టినం. ఏది తగిలినా ముందు ఆ పైపుకు తగులుతుంది, మెత్తగా ఆగుతుంది. మడమ వెనక వెడల్పాటి పట్టీ కట్టినం, ఎడమ పాదం జారకుండా. కుర్చీలో కూర్చున్నంతసేపు వేళ్లు మూసుకునే మెత్తటి చెప్పులు వేయాలి. ఎక్కడైనా వెల్డింగ్ పెట్టేముందు బ్యాటరీ, కంట్రోలర్ వైర్లు ఊడదీయాలి, లేకపోతే వెల్డింగ్ కరెంటుకు కంట్రోలర్ కాలిపోతుంది. షాపు అతనికి తెలిసినా మనం ఒకసారి గుర్తుచేయాలి. ఇన్ని చేసినా రోజూ సాయంత్రం మా చెల్లె అమ్మ పాదాలు రెండూ దీపం వెలుగులో వేళ్ల సందులతో సహా చూస్తుంది. అది మానలేదు.

ఇల్లు మార్చడం ఇంకో పెద్ద పని. మా దర్వాజకు కడప నాలుగు వేళ్ల ఎత్తు. తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "కడప లేని ఇల్లు ఇల్లయితదా?" అని అడిగింది. పసుపు పూసి బొట్లు పెట్టే కడపను తీసేయమనడం నాకూ మనసొప్పలేదు. కాబట్టి కడపను ఉంచి రెండు పక్కలా చెక్క వాలు చేయించినం. వాలుకు లెక్క ఏమిటంటే అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. మన దేశంలో ప్రభుత్వ భవనాల ర్యాంపులకు కూడా ఇదే కొలత. కడప 8 సెంటీమీటర్లుంటే ఒక్కో పక్క దాదాపు ఒక మీటరు వాలు కావాలి. మరి అరుగు నుంచి వాకిట్లోకి దిగే చోట 45 సెంటీమీటర్ల ఎత్తుంటే? అయిదు మీటర్ల నలభై సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. చాలామంది జాగా లేదని రెండు మీటర్లలో నిటారుగా కట్టేస్తారు. అది దూడలు ఎక్కడానికి పనికొస్తుందేమో కానీ ఈ కుర్చీకి పనికిరాదు, వెనక్కి పడిపోతుంది. మేము గోడ వెంట మలిపి కట్టించినం. పైన, మలుపు దగ్గర, కుర్చీ నిలబడేంత సమమైన జాగా వదిలినం. రెండు అంచులా ఇటుకతో కట్ట పోయించినం. చూపు లేని మనిషి నడిపే ర్యాంపుకు ఆ కట్టే ప్రాణం.

దర్వాజ దాటడం గురించి ఒక వివరం చెప్తాను. మొదట్లో అమ్మ ప్రతిసారీ ఎడమ దర్వాజ బద్దకే తగిలేది. అందరూ ఆ బద్దకు పచ్చ రంగు కొట్టమన్నారు. కానీ ఎడమ పక్క అసలు కనిపించని మనిషికి ఎడమ పక్క రంగు కొడితే ఏం లాభం? కనిపించేది కుడి పక్క. కాబట్టి కుడి బద్దకు మందంగా పసుపుపచ్చ పెయింటు వేయించి, కుర్చీ కుడి ముందు మూలన ఒక చిన్న రబ్బరు చక్రం అడ్డంగా బిగించినం. ఆ చక్రం కుడి గోడకు ఆనుకొని దొర్లుకుంటూ పోతుంది, దర్వాజ దగ్గర కుడి బద్దను రాసుకుంటూ దాటుతుంది. దర్వాజ వెడల్పు 84 సెంటీమీటర్లు, కుర్చీ 62. కుడికి ఆనుకొని పోతే ఎడమ పక్క జానెడు ఖాళీ ఉండనే ఉంటుంది. అంటే ఎడమ సంగతి అమ్మ పట్టించుకోవలసిన అవసరమే లేదు. అప్పటి నుంచి ఆ తగలడం పోయింది. మీ ఇంట్లో మనిషికి ఏ పక్క చూపుందో, ఏ చేయి పనిచేస్తుందో దాన్ని బట్టి ఇది మారుతుంది. ఇంకొకరి ఇంట్లో చేసింది చూసి అదే చేస్తే కుదరదు.

రంగుల విషయంలో మన పెద్దవాళ్ల పద్ధతి చాలా గొప్పది. గోడ కింది భాగానికి జాజు, దాని మీద సున్నంతో గీత. ఎర్ర మట్టి రంగు పక్కన తెల్ల గీత, మసక చూపుకు కూడా ఆనుతుంది. ఇప్పటి ఇళ్లలో నేలా తెలుపే, గోడా తెలుపే, పైగా నున్నటి టైల్స్. కిటికీ వెలుగు వాటి మీద పడి మెరిస్తే చూపు తగ్గినవాళ్లకు అది నీళ్లలా కనిపిస్తుంది. అడుగు వేయడానికి భయపడతారు. మా ఇంట్లో మళ్లీ గోడ అడుగున జాజు రంగు పట్టీ వేయించినం. వెలుగు కూడా కావాలి. వయసు మీద పడ్డ కంటికి పడుచు కంటి కన్నా చాలా ఎక్కువ వెలుతురు అవసరం. కానీ బల్బు కంటికి ఎదురుగా ఉండకూడదు, తల వెనక నుంచో పై నుంచో నేల మీద పడాలి.

దిక్కు తెలియడానికి చెవి కావాలన్నాను కదా. ముందర అర్రలో కిటికీ పక్కన రేడియో ఎప్పుడూ ఒకే చోట పెట్టి ఉంచుతాం. వెనక అర్రలో గోడ గడియారం. రేడియో ఎదురుగా వినిపిస్తే వాకిలి దిక్కు, వెనక వినిపిస్తే వంటింటి దిక్కు. అమ్మ దీన్ని ఒక్కరోజులో పట్టేసింది. రేడియో వినేవాళ్లు చాలామంది ఇప్పుడు ఫోన్లోనే వింటున్నారు, ఫోను చేతితోపాటు తిరుగుతుంది, అది దిక్కు చెప్పలేదు. చూపు లేని మనిషి ఉన్న ఇంట్లో రేడియోకు ఒక స్థిరమైన చోటు ఉండాలి. కాళ్ల కింద కూడా గుర్తులు పెట్టవచ్చు. మంచం దగ్గర పీచు పట్టా ఒకటి నేలకు అంటించినం. చక్రం దాని మీదికి ఎక్కగానే కుర్చీ గరగరమంటుంది, మంచం వచ్చిందని తెలుస్తుంది.

సెన్సార్ల గురించి చాలామంది అడుగుతారు. ఐఐటీ ఢిల్లీ వాళ్లు చూపు లేనివాళ్ల కోసం స్మార్ట్‌కేన్ అని ఒక పరికరం చేశారు. 2014లో బయటికి వచ్చింది. చేతికర్రకు తగిలిస్తే చెవికి వినిపించని ధ్వనిని పంపి, ఎదురుగా ఏదైనా ఉంటే చేతికి వణుకు రూపంలో చెప్తుంది. కెనడాలో పూజా విశ్వనాథన్ అనే శాస్త్రవేత్త వృద్ధాశ్రమాల్లో పెద్దవాళ్లకు మోటారు కుర్చీలు ఇవ్వకుండా ఆపేయడం చూసి, ఏ కుర్చీకైనా తగిలించుకునే సెన్సార్ల సంస్థ బ్రేజ్ మొబిలిటీని స్థాపించింది. వెనక, పక్కల ఏముందో అది వెలుగుతో, చప్పుడుతో, వణుకుతో చెప్తుంది. మన దగ్గర కార్ల వెనక పెట్టే పార్కింగ్ సెన్సార్లతో అటువంటిదే కొంత చేసుకోవచ్చు. మేమూ పెట్టి చూసినం. వాకిట్లో బాగుంది. ఇరుకు అర్రలో ఎటు చూసినా గోడే కాబట్టి కూత ఆగదు, ఆగని కూతను చెవి వినడం మానేస్తుంది. సన్నటి మంచం కోడును, ముడుచుకొని పడుకున్న కుక్కను, ఆరేసిన బట్టను అది సరిగ్గా పట్టదు. అన్నిటికన్నా పెద్ద లోపం, ముందుకు చూసే సెన్సారుకు ముందున్న పల్లం తెలియదు. అరుగు అంచు వచ్చినా ఎదురుగా ఏమీ లేదనే అనుకుంటుంది. అందుకని నా మాట ఒకటే. ముందు అరుగు అంచుకు ఇటుక కట్ట పోయించండి, ఆ తర్వాత సెన్సారు గురించి ఆలోచించండి. కట్టకు కరెంటు అక్కర్లేదు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి 2024 సెప్టెంబరు 1 గుర్తు చేస్తాను. ఆ ముందు రాత్రంతా కురిసిన వానకు ఆకేరు వాగు పొంగింది. ఇంటికన్నె, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. మన మానుకోట జిల్లా ఆ రోజును మరచిపోలేదు. అటువంటి రాత్రి బ్యాటరీ కుర్చీ ఉన్న ఇల్లు ఏం చేయాలి? పవర్ ఆపేసిన కుర్చీ చక్రాలు బ్రేకు పడి బిగుసుకొని ఉంటాయి, నెడితే కదలవు. మోటార్ల పక్కన రెండు చిన్న పిడులుంటాయి. అవి తిప్పితే చక్రాలు వదులవుతాయి, మామూలు కుర్చీలా నెట్టవచ్చు. ఆ పిడులు ఎక్కడున్నాయో చీకట్లో తడిమి తిప్పగలిగేటట్టు ఇంట్లో అందరికీ, పక్కింటివాళ్లకు కూడా తెలిసి ఉండాలి. సీసం బ్యాటరీల కుర్చీ మనిషి లేకుండానే యాభై కిలోలు దాటవచ్చు. నీళ్లొస్తుంటే కుర్చీని వదిలేసి మనిషిని ఎత్తుకొని పోవడమే. అందుకని మామూలు మడత కుర్చీ ఒకటి కూడా ఇంట్లో ఉంటే మేలు.

డబ్బుల సంగతి. 60 ఏళ్లు దాటిన పేదవారికి కేంద్రం ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులోనే మొదలైంది. చేతికర్రలు, చెవి మిషన్లు, కళ్లద్దాలు, మామూలు చక్రాల కుర్చీలు దాని కింద వస్తాయి. మోటారు కుర్చీలకు 1981 నుంచి నడుస్తున్న ఏడిప్ అనే వేరే పథకం చూడాలి. పక్షవాతంతో సగం శరీరం పడిపోయినవాళ్లు, మూడు నాలుగు అవయవాలు పనిచేయనివాళ్లు దాని కింద సాయం అడగవచ్చు. పరికరాలు కాన్పూరులో ఉన్న ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో నుంచి వస్తాయి. ఏడిప్‌కు వైకల్య సర్టిఫికెట్ కావాలి. అక్కడ ఒక జాగ్రత్త తీసుకోండి. కాలు, చేయి లోపంతోపాటు చూపు లోపాన్ని కూడా పరీక్షించి రాయమని అడగండి. చూపు లేని మనిషికి మోటారు కుర్చీ ఎందుకని అధికారులు అడిగితే, వెనక నుంచి మనం నడిపే రెండో జాయ్‌స్టిక్ గురించి చెప్పండి.

ఆ రెండో జాయ్‌స్టిక్ కుర్చీ వెనక పిడికి బిగించుకునేది. ఒక స్విచ్ తిప్పితే అమ్మ చేతిలో ఉన్నది ఆగిపోయి, మన చేతిలోది పనిచేస్తుంది. మా ఇంట్లో దీనికి హద్దు గీసుకున్నాం. ఇల్లు, అరుగు, వాకిలి అమ్మవి. అక్కడ ఆమె ఒక్కతే తిరుగుతుంది, మేము వెనక పడం. గేటు దాటితే మాది. రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు, మిర్చి బస్తాల ఆటోలు, పక్కన మూత లేని మోరీ, చూపున్నవాళ్లే తడబడే చోటు అది. శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకు పోవాలని అమ్మ అడుగుతుంటుంది. ఆ జనంలో మేము నడపడమే న్యాయం, ఆమె కూడా కాదనదు.

అయితే ఈ మధ్య ఆ హద్దు మీదే మాకు పేచీ వచ్చింది. గల్లీలో మూడో ఇల్లు ఆమె చిన్ననాటి స్నేహితురాలిది. అక్కడికి తాను ఒక్కతే పోతానంటుంది. "గోడ పట్టుకొని పోత, గోడ పట్టుకొని వస్త. మోరీ ఒక్కటి మూపియ్యి" అని నన్ను నిలదీసింది. దారంతా చూసి వచ్చాను. కుడి పక్క గోడ చివరిదాకా ఉంది. ఒక ఇంటి ముందు మెట్టు బయటికి వచ్చింది, ఆ ఇంటివాళ్లు పక్కకు జరుపుతామన్నారు. మిగిలింది మోరీ. నాలుగు షాబాదు బండలు, ఒక బస్తా సిమెంటు పని. మృగశిర వానలు పడకముందే పరిపించాలి. తిరిగి వచ్చేటప్పుడు గోడ ఎడమ పక్కకు వస్తుంది కాబట్టి అటు ఏం చేయాలో ఇంకా తేల్చుకోలేదు. ఆమె మాత్రం తేల్చేసుకుంది, వచ్చేటప్పుడు స్నేహితురాలు తోడు వస్తుందట.